గ్లాసు కొలత నుండి గ్రాముల తూకానికి: వంటింటి ధాన్యపు లెక్క

చిరుధాన్య వంటకాల ప్రదర్శనలలో పంచే కరపత్రాలు తరచుగా రెండు ప్రమాణాలను కలిపి వాడుతుంటాయి. తయారీ విధానంలో "ఒక గ్లాసు రాగిపిండి" అని ఉంటుంది. దాని పక్కనున్న పోషక విలువల పట్టిక "100 గ్రాములకు" అని చెబుతుంది. గ్లాసు ఘనపరిమాణాన్ని, గ్రాము బరువును తెలుపుతాయి. ఈ రెంటినీ కలిపే సంఖ్య మాత్రం కరపత్రంలో కనిపించదు.

తెలుగునాట ధాన్యాన్ని కొలిచి ఇవ్వడమే పూర్వాచారం. గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం అన్నీ ఘనపరిమాణ మానాలే. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అనే వరుస పెద్దలకు నేటికీ కంఠస్థమే; అయితే ఒక ప్రాంతపు మానిక మరో ప్రాంతపు మానికతో సమానం కాదు. మెట్రిక్ మానాలు వచ్చాక బజారులో బియ్యం కిలోలలోకి మారినా, వంటింట్లో కొలతే నిలిచింది. దీనిని వెనుకబాటుగా భావించరాదు. బియ్యాన్ని, నీటిని ఒకే పాత్రతో కొలిచినంత వరకు పాత్ర చిన్నదైనా పెద్దదైనా నిష్పత్తి మారదు.

చిక్కు వచ్చేది ఆ నిష్పత్తిని తూకంలోకి మార్చినప్పుడే. 200 మి.లీ. గ్లాసు బియ్యం సుమారు 160 గ్రాములు తూగుతుంది. దానికి రెండు గ్లాసుల నీరంటే 400 మి.లీ.; అనగా బరువు ప్రకారం ఒకటికి రెండున్నర వంతులు. "1:2" అన్న అంకెను చూసి 160 గ్రాముల బియ్యానికి 320 మి.లీ. నీరు పోస్తే అన్నం పలుకుగా మిగులుతుంది. విద్యార్థుల ప్రయోగ పుస్తకాలలో ఇది అరుదైన పొరపాటేమీ కాదు.

బియ్యపు గింజ సాంద్రత నీటికంటే ఎక్కువ, మి.లీ.కు దాదాపు 1.45 గ్రాములు. అయినా గ్లాసు బియ్యం గ్లాసు నీటికంటే తేలికగా ఉండడానికి కారణం గింజల నడుమ ఉన్న గాలి. గ్లాసులో దాదాపు 45 శాతం చోటు గాలిదే. కనుక స్థూల సాంద్రత 0.8 దగ్గర నిలుస్తుంది. పొట్టుతో ఉన్న వడ్లకు ఇది 0.6కు అటూఇటూ ఉంటుంది. అటుకులకు ఇంకా తక్కువ. రకం, గింజ ఆకారం, నూకల శాతం, తేమ అన్నీ ఈ విలువను కదిలిస్తాయి. గింజ తేమను పీల్చి ఉబ్బితే సాధారణంగా స్థూల సాంద్రత తగ్గుతుంది.

పిండి విషయంలో తేడా మరింత పెద్దది. జల్లించి వదులుగా నింపిన రాగిపిండి ఒక గ్లాసుకు 110 గ్రాములు, అదే గ్లాసును తట్టి కుదించి నింపితే 150 గ్రాములు తూగిందనుకుందాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో కాల్షియం సుమారు 364 మి.గ్రా. ఆ లెక్కన మొదటి గ్లాసులో 400, రెండవ దానిలో 546 మి.గ్రా. ఉంటుంది. పసిపిల్లల ఆహారానికి సలహా ఇచ్చేటప్పుడు ఈ 146 మి.గ్రా. తేడాను ఉపేక్షించడం తగదు.

విదేశీ వంట పుస్తకాలలోని "కప్పు"ను అరువు తెచ్చుకోవడం మరో ప్రమాదం. అమెరికా కప్పు సుమారు 237 మి.లీ.; మెట్రిక్ కప్పు 250; జపాను పద్ధతి ననుసరించి కొన్ని విద్యుత్ కుక్కర్లతో ఇచ్చే కప్పు 180 మాత్రమే.

ఆచరణలో పని సులభమే. ముందుగా ఖాళీ గ్లాసును తూచి, అంచు వరకు నీరు నింపి మళ్ళీ తూచాలి. పెరిగిన గ్రాములే దాని మి.లీ. తరువాత గ్లాసును బాగా ఆరబెట్టి, ధాన్యాన్ని ఒకే ఎత్తు నుండి పోసి, తట్టకుండా, కదపకుండా అంచుకు సమంగా చెక్కతో గీసి తూచాలి. మూడుసార్లు చేసి సగటు తీసుకుంటే చాలు. పిండి నయినట్లయితే జల్లించారో లేదో కూడా నమోదు చేయాలి. కరపత్రంలో "ఒక గ్లాసు (200 మి.లీ., వదులుగా నింపి గీసినది), 110 గ్రా." అని ముద్రిస్తే గృహిణి చేతిలోని గ్లాసు, పట్టికలోని అంకె ఒకే లెక్కలోకి వస్తాయి. పిండి మర మారినా, మెత్తదనం మారినా ఈ తూకాన్ని మళ్ళీ వేయవలసిందే.