ప్లీడరుకు డబ్బు లేకపోతే?

ఒక సంగతి అనుకుందాం. ఇందుకూరుపేట దిక్కున సముద్రానికి దగ్గరగా రొయ్యల గుంటలు ఉన్నాయి. గుంట కాడ ఒక మనిషి కాపలా ఉంటాడు. ఒక రాత్రి గుంట మీద మోటారు పోయింది. పోలీసులు వచ్చారు. ముందుగా కాపలా మనిషినే జీపు ఎక్కించారు. భార్య వెనకాల పరుగెత్తింది. అప్పుడు ఆమె నోట వచ్చే మొదటి మాట ఏది? "ప్లీడరుకు డబ్బు యాడి నుంచి తెచ్చేది?"

ఇట్లాంటి కష్టం వస్తే మనం ఏం చేస్తాం? కాళ్ల పట్టీలు తాకట్టు పెడతాం. నూటికి ఐదు వడ్డీకి అప్పు తెస్తాం. మేకను అమ్ముతాం. మధ్యలో ఒకాయన వస్తాడు. "నేను చూసుకుంటాలే" అని ఇంకో వెయ్యి పట్టుకుపోతాడు.

అమ్మా, ఆ డబ్బు మీరు తేనక్కర లేదు. డబ్బు లేని ముద్దాయికి ప్లీడరును పెట్టే బాధ్యత సర్కారుది. ఇది చట్టంలో ఉంది. అడగడానికి సిగ్గు పడకండి.

ప్లీడరు లేకపోతే ఏమవుతుంది? పోలీసులు పట్టుకున్న మనిషిని 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. దారిలో పట్టే సమయం మాత్రం ఈ లెక్కలోకి రాదు. అక్కడ మాటలన్నీ నిమిషాల్లో అయిపోతాయి. బెదిరిపోయిన మనిషి ఏం అడిగినా తల ఊపుతాడు. తర్వాత జైలు. మన జిల్లాలో పెద్ద జైలు చెముడుగుంట కాడ ఉంది. పోలీసులు 60 రోజుల లోపల కోర్టులో చార్జిషీటు వేయాలి. పెద్ద నేరాలకైతే 90 రోజులు. ఆ గడువు దాటితే ముద్దాయికి బెయిలు అడిగే హక్కు వస్తుంది. అయితే ఎవరో ఒకరు అర్జీ పెట్టాలి. రోజులు లెక్క పెట్టేది ఎవరు? అర్జీ రాసేది ఎవరు? ప్లీడరు లేని మనిషి లోపలే ఉండిపోతాడు. బయట ఇల్లు గడవదు.

బీహారులో ఇట్లాగే జరిగింది. కేసు విచారణకు రాకుండానే ఎందరో ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గారు. నేరం రుజువైనా పడని శిక్షకంటే ఎక్కువ కాలం కొందరు లోపలే ఉన్నారు. ఈ సంగతి పేపరులో వచ్చింది. కపిలా హింగోరాణి అనే ఆడ ప్లీడరు అది చదివి సుప్రీం కోర్టుకు పోయింది. హుస్సేనారా ఖాతూన్ అనే ఖైదీ పేరు మీద ఆ కేసు నడిచింది. పేద ముద్దాయికి ఉచితంగా ప్లీడరును ఇవ్వాల్సిందేనని 1979లో కోర్టు తేల్చింది.

1986లో ఇంకో తీర్పు వచ్చింది. అరుణాచల్ ప్రదేశ్‌లో సుక్ దాస్ అనే ఆయనకు ప్లీడరు లేకుండానే శిక్ష వేశారు. ఆయన అడగలేదు కదా అని హైకోర్టు అంది. సుప్రీం కోర్టు ఒప్పుకోలేదు. పల్లెల్లో చాలామందికి చదువు లేదు, తమ హక్కు ఏదో తెలియనివాళ్లు ఎట్లా అడుగుతారు అంది. ఆ శిక్షను కొట్టేసింది. "నీకు ఉచితంగా ప్లీడరును ఇస్తాం" అని చెప్పాల్సింది మేజిస్ట్రేటే.

మన తీరంలో ఈ మాటకు ఇంకా బరువు ఉంది. 1871లో ఇంగ్లీషువాళ్లు ఒక చట్టం తెచ్చారు. కొన్ని కులాల వాళ్లు పుట్టుకతోనే నేరస్థులని రాసిపెట్టారు. ఆ రాత తప్పు అని కోర్టుకు పోవడానికి కూడా లేదు. కావలి దగ్గర కప్పరాళ్లతిప్పలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటు పెట్టి, కాపలాలో ఉంచారు. 1952లో ఆ చట్టం దేశమంతటా పోయింది. అనుమానం మాత్రం పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా యానాది, ఎరుకల గుడిసెల వైపే ముందు చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. ప్లీడరు అవసరం వాళ్లకే ఎక్కువ. వాళ్ల దగ్గరే డబ్బు తక్కువ.

1987లో ఉచిత న్యాయ సహాయానికి ఒక చట్టం చేశారు. అది 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉంది. ఆడవాళ్లకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల వాళ్లకు, షెడ్యూల్డు తెగల వాళ్లకు, పోలీసుల చేతిలోనో జైలులోనో ఉన్నవాళ్లకు ఆదాయం ఎంతని చూడకుండా ప్లీడరును ఇస్తారు. తుపాను, వరద బాధితులు కూడా అడగవచ్చు. మిగతా వాళ్లలో చాలామందికి ఆదాయం హద్దు ఉంది. ప్లీడరు ఫీజు, కోర్టు ఖర్చులు, కాగితాల నకళ్లు అన్నీ సర్కారువే. ఆ ప్లీడరు మిమ్మల్ని డబ్బు అడగకూడదు. అడిగితే ఆయనను పెట్టిన ఆఫీసులోనే చెప్పండి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. కోర్టులో పోలీసుల తరఫున మాట్లాడే ప్లీడరును కూడా సర్కారే పెడుతుంది. ఆయన వేరు. మీకు ఇచ్చే ప్లీడరు మీ మనిషి. జరిగింది ఆయనకు దాచకుండా చెప్పండి. ఉచితంగా వచ్చిన ప్లీడరు సరిగా చూడడని కొందరు అంటారు. కొన్నిచోట్ల అది నిజం కావచ్చు. వాయిదాకు రాకపోతే ఊరుకోకండి. వేరే వాళ్లను ఇమ్మని అడగండి.

ఎక్కడికి పోవాలి? నెల్లూరు జిల్లా కోర్టు కాడ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. దగ్గరలో ఉన్న కోర్టులో అడిగినా దారి చూపిస్తారు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. జైలులో ఉన్న మనిషి జైలు నుంచే అర్జీ పంపుకోవచ్చు. రాయడం రాని వాళ్లు నోటితో చెప్పినా చాలు.

మీకు ఇప్పుడు చదువు వచ్చింది కదా. స్టేషనులో ఏ కాగితం ఇచ్చినా చదివాకే సంతకం పెట్టండి. మనిషిని ఎందుకు పట్టుకున్నారో అతనికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని 2025లో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ కాగితం అడిగి తీసుకోండి.

అర్జీ ఇట్లా రాయండి:

"అయ్యా, నా భర్తను ఫలానా తేదీన ఫలానా స్టేషను పోలీసులు పట్టుకున్నారు. ఆయన ఇప్పుడు ఫలానా జైలులో ఉన్నాడు. ప్లీడరును పెట్టుకునే స్తోమత మాకు లేదు. ఉచితంగా ప్లీడరును ఇప్పించండి."

కింద మీ పేరు, ఊరు రాసి సంతకం చేయండి. ఇట్లాంటివి రెండు రాయండి. ఒకటి ఆఫీసులో ఇవ్వండి. రెండో దాని మీద ఆఫీసు ముద్ర వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి.