దమ్ము ఊపిరితిత్తుల దగ్గరే ఆగుతుందా?

సరిహద్దు ఊళ్లలో ఉబ్బసంపై రాయమన్నారు సంపాదకులు. గడువు శుక్రవారం. సిరోంచ మిరప కల్లాలతో మొదలుపెట్టిన కథనాన్ని ఒక పట్టిక దారి మళ్లించింది.

అమెరికాలో ఏళ్ల తరబడి సాగుతున్న ‘మెసా’ అధ్యయనం 2022లో వెల్లడించిన లెక్క అది. 5,029 మంది మెడ రక్తనాళాలను అల్ట్రాసౌండ్‌తో చూశారు. ఉబ్బసం లేనివారిలో 50.5 శాతం మందికి నాళపు గోడల్లో కొవ్వు పూడిక కనిపించింది. రోజూ మందు వాడక తప్పని ఉబ్బసం ఉన్నవారిలో అది 67 శాతం. అప్పుడప్పుడూ వచ్చిపోయే ఉబ్బసమైతే 49.5. అంటే జబ్బు లేనివారితో సమానమే. నన్ను పట్టుకున్నది ఈ మూడో అంకె. ఉబ్బసం పేరు చెప్పి అందరినీ భయపెట్టే పని లేదు, విడవకుండా వేధించే రకాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఆ రకం ఉన్నవారు అధ్యయనంలో 109 మందే కాబట్టి దీన్ని రుజువు అనలేను. కానీ వయసు, పొగతాగడం వంటివి లెక్కలోకి తీసుకున్నా తేడా చెరిగిపోలేదు.

పడని దుమ్ము లోపలికి వెళ్తే శ్వాసనాళాలు వాస్తాయి. ఆ వాపు పుట్టించే రసాయనాలు కొన్ని రక్తంలోనూ కలుస్తాయి. రక్తనాళపు లోపొర నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తేనే నాళం సడలుతుంది. ఈ సంగతి కనిపెట్టినవారికి 1998లో నోబెల్ దక్కింది. వాపు ఏళ్ల తరబడి ఉంటే ఆ పొర మొద్దుబారుతుంది. విచిత్రమేమంటే, అలర్జీ ఉబ్బసం ఉన్నవారి ఊపిరిలో ఇదే వాయువు ఎక్కువగా ఉంటుంది. ఊపిరిలో పొంగే వాయువే నాళపు గోడలో కొరవడుతుందన్నమాట.

నాళపు పొర మొద్దుబారిందో లేదో పట్టే పరీక్షంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. బీపీ పట్టీని ముంజేతికి ఐదు నిమిషాలు గట్టిగా బిగించి వదులుతారు. రక్తం ఒక్కసారిగా ఉరుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న నాళం ఆ ఉరుకుకు విచ్చుకుంటుంది, దెబ్బతిన్నది బిగదీసుకునే ఉంటుంది. ఎంత విచ్చుకుందో అల్ట్రాసౌండ్‌లో కొలుస్తారు.

ఇక సిరోంచకు వస్తే, ప్రాణహిత గోదావరిలో కలిసేచోటి ఊరు ఇది, ఎదుటి ఒడ్డున కాళేశ్వరం. ఉన్నది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో. ఇళ్లలో మాట మాత్రం తెలుగే.

ఇక్కడ తాలుకాయలు ఏరే ఆడవాళ్లు కొంగు ముక్కుకు కట్టుకుని కూర్చుంటారు. మిరప ఘాటు అలర్జీ కాదు, అప్పటికే వాచిన శ్వాసనాళాలను రెచ్చగొడుతుంది. అసలు అలర్జీ తెచ్చేవి వేరు: వయ్యారిభామ పుప్పొడి, బొంతల్లో దాగే దుమ్ముపురుగులు, వరదకు తడిసిన ఇళ్ల గోడలకు పట్టే బూజు. 2022 జులై వరదలో ఈ తాలూకా పల్లెలు నీట మునిగాయి. దమ్ముతో ఆసుపత్రికి వచ్చినవాళ్లకు నెబ్యులైజర్ పెట్టి పంపేయకుండా, రక్తనాళాలకూ ముప్పు ఉండొచ్చు కాబట్టి ఆయాసం తగ్గాక బీపీ, షుగరు కూడా చూడాలి.

రెండు ఇన్‌హేలర్లు

నీలం రంగు సాల్బుటమాల్ నిమిషాల్లో ఊపిరి ఆడనిస్తుంది, వాపును తగ్గించదు. వాపు తగ్గించేది స్టిరాయిడ్ ఇన్‌హేలర్. పెద్దలకు సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వొద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. మృగశిర నాడు హైదరాబాద్‌లో ఇచ్చే చేపమందుకు శాస్త్రీయ రుజువు లేదు. దాన్ని నమ్మి ఇన్‌హేలర్ మానేయడం ప్రమాదం.