కదలు పన్ను – చిగుళ్ల వైద్యుని చదువు



మన గ్రామములలో ఏబదియేండ్లు దాటిన మనిషికి పన్ను కదలినచో, "వయస్సు వచ్చినది గదా" అని సరిపెట్టుకొందుము. జుట్టు నెరసినట్లును, చూపు మందగించినట్లును పన్ను కూడ కదలుననియు, అది ప్రకృతిధర్మమనియు మన తలంపు. ఈ తలంపు సరికాదని మనవి చేయుటకే నేడు మీ యెదుటకు వచ్చితిని. సాధారణముగా పెద్దల పన్నును కదలించునది వయస్సు కాదు, చిగుళ్ల వ్యాధి. దానికి చికిత్స కలదు. ఆ చికిత్సయందు ప్రత్యేకప్రజ్ఞ సంపాదించుటకు దంతవైద్యుడు మొదటి పట్టమునకు పైని మరి మూడేండ్లు చదువవలెను. ఆ మూడేండ్లలో అతడేమి నేర్చునో, దానివలన మనకు కలుగు లాభమేమో నా అనుభవముతో కలిపి చెప్పెదను.

నా స్వగ్రామము ముదినేపల్లి. గుడివాడనుండి కైకలూరు పోవు మార్గమున నున్నది. చిరకాలము కృష్ణాజిల్లాలో నుండి, 2022 ఏప్రిలులో ఏలూరు జిల్లాలో చేరినది. వరిచేలు, చేపల చెరువులు, ఆవల కొల్లేరు. ఇదియే మా సీమ.

దంతవైద్యమున మొదటి పట్టమైన బి.డి.ఎస్. ముగించిన క్రొత్తలో నేనొక చిన్న వైద్యశాలలో పనిచేయుచుంటిని. మా యూరినుండి ఒక పెద్దరైతు, వరుసకు నాకు బాబాయి, నాయొద్దకు వచ్చెను. క్రింది దవడ ముందుపండ్లు నాలుగు కదలుచున్నవి. చిగుళ్లనుండి రక్తము వచ్చుచున్నది. "ఈ పీడ వదిలించరా అబ్బాయి, ముద్ద సరిగా నమలలేకపోతున్నాను" అనెను. నాలుగింటిని తీసివేసితిని. నొప్పి తెలియకుండ తీసితినని ఆయన మెచ్చుకొనెను, నేనును సంతోషించితిని. ఆ పండ్ల చుట్టును ఎముక యెంత మిగిలియున్నదో నేను కొలువలేదు. కొలుచు విధానమును చదివితినే గాని, దానిని అలవాటు చేసికొనలేదు.

కొన్ని యేండ్లకు నేను చిగుళ్ల వైద్యమున పై చదువు చదువుచుండగా, ఇంచుమించు అటువంటి పండ్లే గల యొక రోగిని గురువులు నాకప్పగించి, వానిని తీయక నిలుపుమని చెప్పిరి. మూడు నెలలలో ఆ చిగుళ్ల వాపు పోయినది, పండ్ల కదలిక తగ్గినది. ఆనాటి రాత్రి నాకు బాబాయి నోరు జ్ఞప్తికి వచ్చి నిద్ర పట్టలేదు.

వ్యాధి యెట్టిదో ముందు తెలిసికొందము. పన్ను దవడ యెముకలో మేకువలె బిగింపబడి యుండదు. పంటి వేరునకును ఎముకకును నడుమ సన్నని నారలవంటి బంధము లుండును. వానిని పైనుండి చిగురు కప్పి కాపాడును. పంటికిని చిగురునకును నడుమ చిన్న సందు కలదు. ఆరోగ్యము గల నోటిలో దాని లోతు మూడు మిల్లీమీటర్లకు మించదు. పంటిపై నిత్యము పాచి చేరును. పాచి అనగా అన్నపు మడ్డి మాత్రమే కాదు. అది సూక్ష్మజీవుల గుంపు. దానిని తోమి తీయనిచో లాలాజలములోని లవణములు చేరి రాయివలె గట్టిపడును. దానినే మనము గార అందుము. పాచి చిగురు క్రిందికి దిగినకొలది సందు లోతగును. గాలి సోకని యా చోట మరింత హానికరములైన సూక్ష్మజీవులు పెరుగును. వానితో మన శరీరము చేయు పోరాటమున నారలు తెగి, ఎముక కరగిపోవును.

మన చేపల చెరువు గట్టును తలంచుకొనుడు. గట్టున పాతిన గుంజ యెంత మంచి కఱ్ఱయైనను, అడుగున నీరు మట్టిని కోయుచుండినచో నొకనాడు ఊగితీరును. లోపము గుంజది కాదు, గట్టుది. పిప్పిపన్ను గుంజకు పట్టిన పురుగువంటిది. చిగుళ్లవ్యాధి గట్టునకు పట్టిన కోతవంటిది. కాబట్టియే పిప్పి లేని గట్టిపండ్లు సైతము ఊడిపోవుచున్నవి. పిప్పిపన్ను నొప్పి పెట్టి మనలను వైద్యుని యొద్దకు తరుమును. గట్టుకోత తరచుగా నొప్పి పెట్టదు. అదియే దాని మోసము.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. సుశ్రుతసంహితయందు పంటిమూలమునకు వచ్చు రోగములు 15 అని లెక్కింపబడినవి. చిగుళ్లు రక్తము కార్చి దుర్గంధము గలుగు రోగమునకు శీతాదమని పేరు. మన తండ్రుల కాలమున దీనిని పయోరియా యనిరి. అనగా చీము కారుట. నేటి శాస్త్రమునకు పెరియోడాంటాలజీ యని పేరు. గ్రీకు భాషలో పెరి అనగా చుట్టు, ఓడస్ అనగా పన్ను.

వయస్సే కారణము కాదనుటకు సాక్ష్యము లేవని మీరడుగవచ్చును. డెన్మార్కు దేశమున ఆర్హుస్ నగరములో హరాల్డ్ లో అను పండితుడు 1965లో నొక ప్రయోగమును ప్రకటించెను. ఆరోగ్యవంతులైన 12 మందిని పండ్లు తోముట మానుమనిరి. వారిలో హెచ్చుమంది విద్యార్థులు, పడుచువారు. పది మొదలు ఇరువది యొక్క దినములలో అందరి చిగుళ్లును వాచినవి. మరల తోముట మొదలిడగా ఇంచుమించు వారములో కుదుటపడినవి. పాచియే చిగుళ్ల వాపునకు మూలమని దీనివలన తేలినది.

ఆ పండితుడే సింహళ ద్వీపమున తేయాకు తోటల కూలీలను 480 మందిని 1970 మొదలు పదునైదేండ్లు పరిశీలించెను. వారికి దంతవైద్యము లేదు, పండ్లు తోము అలవాటును లేదు. అందరి నోళ్లలోను పాచి, గార నిండియుండెను. అయినను అందరి పండ్లును ఒక్కతీరుగా పోలేదు. నూటికి ఎనమండుగురికి వ్యాధి శీఘ్రముగా ముదిరినది. ఎనుబది యొక్కరికి మెల్లగా పెరిగినది. పదునొకండుగురికి చిగుళ్ల వాపుతో ఆగిపోయినది. ఒకే తిండి, ఒకే పని. ఫలితములు మాత్రము వేరు. ఎవని వ్యాధి శీఘ్రగామి, ఎవనిది మందగామి యని ముందే పసిగట్టుటయే చిగుళ్ల వైద్యుని చదువులో ముఖ్యభాగము.

ఇక ఆ చదువు సంగతి. మన దేశమున మొదటి దంతవైద్య కళాశాలను డాక్టరు ఆర్. అహమ్మదు 1920లో కలకత్తాయందు నెలకొల్పెను. దంతవైద్యుల చట్టము 1948లో వచ్చినది. మన తెలుగువారికి హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో ఏర్పడినది. నేడు బి.డి.ఎస్. నాలుగేండ్ల చదువు, ఒక యేడు వైద్యశాలలో సేవ. పిమ్మట దేశమంతటికి నొకే ప్రవేశపరీక్షలో నెగ్గినవారు ఎం.డి.ఎస్. అను పై చదువునందు చేరుదురు. అందు తొమ్మిది శాఖలు కలవు. చిగుళ్ల వైద్యము వానిలో నొకటి, కాలము మూడేండ్లు.

మొదటి యేడు శరీరనిర్మాణము, సూక్ష్మజీవశాస్త్రము, ఔషధములు, లెక్కలతో పరిశోధించు పద్ధతి చదువుదురు. దానితోపాటు కొలుచుట నేర్తురు. మిల్లీమీటరు గీతలుగల సన్నని లోహపు పుల్లను చిగురు సందులో మెల్లగా దించి, పంటికి ఆరుచోట్ల లోతు చూడవలెను. ఇరువది యెనిమిది పండ్లున్న నోటిలో 168 కొలతలు. పుల్లను గట్టిగా నొక్కిన అబద్ధపు లోతు చూపును. వదులుగా పట్టిన నిజము దాగును. గురువు మరల కొలిచి సరిచూచును. నేను మొదటి నెలలలో ఈ పనికి విసిగితిని. తరువాత తెలిసినది: బాబాయి పండ్లను తీసిననాడు నా చేతికి లేనిది బలము కాదు, ఈ కొలతయే.

పిమ్మట చికిత్స. ముందు పైగారను తీసి, చిగురు క్రింద వేరుపై నున్న గారను కంటికి కానరాకయే చేతిస్పర్శతో గీకి నునుపు చేయవలెను. కొన్ని వారములాగి తిరిగి కొలువవలెను. ఇంకను లోతుగా మిగిలిన చోట్లనే, మత్తుసూది వేసి చిగురును మెల్లగా తెరచి, శుభ్రము చేసి కుట్టుదురు. ఎముక గోడలు మిగిలియున్న కొన్ని గుంటలలో ఎముకపొడి నుంచి కొంత పూడ్చవచ్చును. పోయిన యెముక యంతయు తిరిగి రాదు. వత్తునని చెప్పు వైద్యుని నమ్మకుడు. ఉన్నదానిని నిలుపుటయే ఈ విద్య.

2017లో చికాగో నగరమున పలుదేశముల పండితులు కూడి, ఈ వ్యాధిని నాలుగు దశలుగను మూడు తరగతులుగను విభజించిరి. దశ యెంత పోయినదో చెప్పును. తరగతి యెంత వేగముగా పోవుచున్నదో చెప్పును. విద్యార్థి ప్రతిరోగికిని ఈ రెండును నిర్ణయింపవలెను. తుదిపరీక్షలో వ్రాతతో సరిపోదు. పరీక్షకుల యెదుట రోగికి శస్త్రచికిత్స చేసి, మరునాడు ఆ రోగినే మరల పరీక్షించి చూపవలెను. కోసినవాడే మరునాటి స్థితికిని ఉత్తరవాది యని దీని భావము.

"గార తీయించిన పండ్లు కదలును" అని మనలో నొక నమ్మకము గలదు. ఇందు కొంత కంటికి కనబడు నిజము లేకపోలేదు. ఎముక పోయిన పండ్లను గారయే గోడకట్టినట్లు ఒకదానితో నొకటి పట్టియుంచును. గార పోగానే దాగియున్న కదలిక బయటపడును. కదలించినది వైద్యుడు కాదు. ఏండ్ల తరబడి ఆ గారయే. మరియొక మోసము చుట్టది. పొగ త్రాగువారి చిగుళ్లు రక్తము తక్కువగా కార్చును. వారు తమకు వ్యాధి లేదనుకొందురు. లోపల ఎముక మాత్రము త్వరగా పోవుచుండును. మధుమేహము గలవారికిని ఈ వ్యాధి ఉద్ధృతముగా నుండును. చిగుళ్లకు చికిత్స చేయించినచో రక్తములోని చక్కెర కూడ కొంత తగ్గునని పరీక్షలలో కనబడినది. కావున చక్కెరవ్యాధి గలవారు వైద్యునికి ఆ సంగతి దాచరాదు.

ఇది దూరపు పట్టణముల విద్య యనుకొనకుడు. ఏలూరు చెంత దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంతవైద్య కళాశాల, భీమవరమున విష్ణు దంతవైద్య కళాశాల, విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలవు. దంతవైద్య కళాశాలలలో చిగుళ్లకు ప్రత్యేకశాఖ యుండును. కళాశాల వైద్యశాలలో పై చదువు విద్యార్థులు గురువుల పర్యవేక్షణలో చికిత్స చేయుదురు; సాధారణముగా రుసుము బయటికంటె తక్కువ. కాలము మాత్రము హెచ్చు పట్టును, ఓపిక వలయును.

ఇంటివద్ద చేయవలసినది స్వల్పము. ఉదయము, రాత్రి పరుండబోవు ముందు, మెత్తని కుంచెతో చిగురు అంచువెంబడి తోముడు. వేపపుల్లను మెత్తగా నమిలి వాడినచో తప్పులేదు; కచ్చిక, బొగ్గు, ఇటుకపొడి మాత్రము పంటిని అరగదీయును. తోమునప్పుడు రక్తము వచ్చినచో తోముట మానకుడు. అదియే గట్టుకోతకు మొదటి గుర్తని యెంచి వైద్యుని చూడుడు. పన్ను కదలుచున్నదని పోయినప్పుడు, తీయుమని అడుగక, "మా చిగుళ్లు కొలిచి చూడండి" అని అడుగుడు.

నా చదువు ముగిసిన పిదప బాబాయిని చూడబోతిని. కట్టుడుపండ్లు సరిగా కుదురక ఆయన వానిని డబ్బాలో నుంచుకొనుచుండెను. నేను నేర్చినదంతయు విని, కొంతసేపూరకుండి, "అయితే అబ్బాయి, నా పళ్ళు ఉంచితే ఉండేవంటావా?" అని అడిగెను. "నాలుగూ చెప్పలేను బాబాయ్. రెండు నిలిచేవేమోనండి" అంటిని. ఆయన కోపించలేదు. లోపలికి కేకవేసి పిన్నిని పిలిచి, "రేపు అబ్బాయితో వెళ్ళి చూపించుకో. నీకూ పొద్దున్నే రక్తం వస్తోందిగా" అనెను.

మరునాడు ఆమె చిగుళ్లను కొలిచితిని. ఐదేసి, ఆరేసి మిల్లీమీటర్ల లోతు కొన్నిచోట్ల కనబడినది. నేటికిని ఆమె మూడునెలల కొకసారి వచ్చి చూపించుకొని పోవుచున్నది. ఒక్క పన్నును పోలేదు.