కోనసీమ లోగిళ్లలో బొచ్చుకుక్క

అమలాపురమునందుగాని రాజోలునందుగాని కొత్తపేటయందుగాని గేటు తీసినంతనే, తెల్లని బొచ్చు, నక్కమూతి, నిక్కిన చెవులు, వీపుమీదికి చుట్టుకొన్న కుచ్చుతోక గల చిన్న జంతువొకటి అరుగుమీదనుండి గయ్యిమని లేచుట మనకు క్రొత్త గాదు. దానిని మనవారు పమేరియన్ అని పిలుతురుగాని, వానిలో అత్యధికము మన దేశముననే స్థిరపడి, కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియావారి గుర్తింపు సైతము పొందిన ఇండియన్ స్పిట్జ్ జాతివి. అసలు పమేరియన్ బాల్టిక్ సముద్రతీరమునందలి పొమరేనియా పేరు మోయుచున్నది; 1888లో విక్టోరియా రాణి ఇటలీలోని ఫ్లారెన్సునుండి మార్కో అను కుక్కను తెచ్చుకొన్న పిదప దానికి లోకమున మోజు హెచ్చి, క్రమముగా పొట్టిదనమే అందమై, నేడది మూడు కిలోల చుట్టు తూగు బొమ్మగా మారినది. మార్కో బరువు అయిదున్నర కిలోలకు సమీపము. మన చిన్న స్పిట్జ్ అయిదు మొదలు ఏడు కిలోల వరకు తూగును. తూనికను బట్టి చూచినచో రాణిగారి కుక్కకు మన అరుగుమీదిదే దగ్గరి చుట్టము!

ఇది చురుకైనది, తెలివైనది, ఇంటిల్లిపాదిలో ఒక్కరిని ఏరుకొని వారి కాళ్లను వదలనిది. దోషమెల్ల మొరుగుటయందే యున్నది. పాలవాడు వచ్చినను, దింపువారు కొబ్బరిచెట్టు ఎక్కినను, ఊరక ఆకు కదలినను అరచును. కూనగా నున్నపుడే ఈ అలవాటును అదుపులో పెట్టనివారు ఇరుగుపొరుగుల మాటలు పడుటకు సిద్ధపడవలెను.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు ఉక్కపోత. కుక్కకు మనకువలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక వ్రేలవైచి రొప్పునపుడు నోటి తడి ఆవిరియై పోవుటచేతనే ముఖ్యముగా దాని దేహము చల్లబడును. గౌతమీ వసిష్ఠలకును సముద్రమునకును నడుమ, కాలువలును తోటలును క్రమ్ముకొన్న ఈ గడ్డపై రోహిణికార్తెలో గాలియే తడితో బరువెక్కియుండగా, ఆ ఆవిరి ఎక్కడికి పోగలదు? పొడిగాలి ప్రాంతములలో తట్టుకొనగల ఎండకే ఇచ్చట కుక్క సోలిపోవుటకు కారణమిదియే. దాని సహజోష్ణము 101 మొదలు 102.5 ఫారన్‌హీట్ డిగ్రీల వరకు ఉండును. 105 దాటినచో అది వడదెబ్బ. అట్టి సమయమున మంచుగడ్డలలో ముంచక, పొట్టను పాదములను చల్లనీటితో తడిపి, ఫ్యాను క్రింద నుంచి, వెంటనే పశువుల ఆస్పత్రికి కొనిపోవలెను.

వేసవి వచ్చినదని జాలిపడి బొచ్చు మొత్తము గొరిగించువారు కలరు. అది జాలి గాదు, అపకారము. పైన బిరుసు వెండ్రుకలు, అడుగున మెత్తని నూగు అని దీని బొచ్చు రెండు పొరలుగా నుండును. పైపొర చర్మమును ఎండనుండి కాపాడును; ఒకసారి గొరిగినచో మరల పూర్వమువలె మొలవకపోవచ్చును. చిక్కు పడి గాలి ఆడనీయనిది అడుగుపొర గనుక దువ్వవలసినది దానిని. వ్రేళ్లతో బొచ్చును పాయ తీసి, గులాబిరంగు చర్మము గీతవలె కనబడువరకు విడదీసి, అచ్చటినుండి చివరవరకు దువ్వినచో దువ్వెన నిండ నూగు వచ్చును. వర్షాకాలమున తడిసివచ్చిన కుక్కను పైపైన తుడిచి వదలినచో అడుగుపొర గంటల తరబడి చెమ్మగిలి, దురదలకును బూజుతెగులునకును త్రోవ తీయును.

దువ్వునపుడే గోమార్లను వెదకవలెను: చెవుల లోపల, పట్టీ క్రింద, కాలివ్రేళ్ల సందులలో. దొరికినదానిని చర్మమునకు ఆనించి పట్టకారుతో నిట్టనిలువుగా లాగవలెనుగాని, కిరోసిను పూయరాదు. అది కుక్కకు విషము. గోమారు కాటువలన వచ్చు జ్వరమున కుక్క తిండి మానును, చిగుళ్లు పాలిపోవును, ఒక్కొక్కప్పుడు ముక్కునుండి రక్తము కారును. అప్పుడు మనము వేసికొను నొప్పిమాత్రలను తోచినట్లు దానికి వేయుట ప్రాణాపాయము.

తిండి విషయమున మన ప్రేమయే దానికి శత్రువు. ఆత్రేయపురపు పూతరేకు తునక పెట్టనిదే మనసొప్పనివారికి దాని పండ్లు పుచ్చుటయు, ఒడలు క్రొవ్వుటయు, చిన్న మోకాళ్లపై బరువు పడుటయు కనబడవు. వరదకాలమున పులస వండిన ఇంట విస్తరాకులను దానికి అందకుండ పారవేయవలెను. ఆ సన్నని ముండ్లు గొంతున దిగినచో తీయుట కష్టము. ఉల్లిపాయ, ద్రాక్ష, చాకొలెట్టు అసలు పెట్టరాదు.

మెడపట్టీ లాగి నడిపించినచో దీని సున్నితమైన శ్వాసనాళము నలుగును గనుక ఛాతీచుట్టు కట్టు పట్టీయే మేలు.

ఇంటి కుక్కకు రేబిస్ రాదను నమ్మకము మాత్రము ఎవరును పెట్టుకొనరాదు. వీధికుక్క గేటు సందునుండి ఒక్క గాటు పెట్టిన చాలును. మూడవ మాసమున మొదటి టీకా, పిదప వైద్యుడు చెప్పినట్లు ఏటేట ఒకటి వేయింపవలెను. 1885 జూలై 6వ తేదీన లూయీ పాశ్చరు తన టీకాను ఒక బాలునికి తొలిసారి వేసినందుకు గుర్తుగా, ఏటా ఆ దినమున మన పశువుల ఆస్పత్రులలో ఉచితముగా రేబిస్ టీకాలు వేయుదురు. మీ ఇంటి బొచ్చుకుక్కను ఆనాడు తప్పక తీసికొనిపొండు.