దేహప్రకృతి, వికృతి: రైతు లెఱుగవలసిన భేదము

వరినాట్లు చూడబోయినప్పుడు గట్టున కూర్చుండి రైతులతో ముచ్చటించుట మాకు అలవాటు. ఆ ముచ్చటలలో పైరుకంటె ఒంటిని గూర్చిన మాటలే తఱచుగా దొరలుచుండును. "నాది వేడి శరీరమండీ, గోంగూర పడదు" అని యొకరు, "కంద తింటే నాకు వాతం చేస్తుంది" అని యొకరు. ఈ మాటలకు మూలము ఆయుర్వేదము. మేము చదివిన బడిలో ఇట్టి మాటలకు నవ్వుట నేర్పిరి గనుక చాలకాలము మేమును నవ్వితిమి. ఇప్పుడు ఆ నవ్వు మానితిమి గాని, విన్నదెల్ల నమ్ముటయు లేదు.

చరకసంహిత విమానస్థానమున దేహప్రకృతులు వర్ణింపబడినవి. వాతము, పిత్తము, కఫము అను మూడు దోషములలో గర్భమునందే ఏది అధికమగునో దానినిబట్టి మనుష్యుని ప్రకృతి యేర్పడునని ఆ శాస్త్రము చెప్పును. ఒక్కొక్క దోషము ప్రధానమైనవి మూడు, రెండేసి కలిసినవి మూడు, మూడును సమముగా నున్నది యొకటి, వెరసి యేడు ప్రకృతులు.

వాతప్రకృతి గలవాడు బక్కపలుచనివాడు, చర్మము పొడిగానుండి నరములు పైకి కానవచ్చును, చలికి ఓర్వడు, నడకయు మాటయు త్వరితములు, ఆకలి ఒకనాడున్నట్లు మఱునాడుండదు. పిత్తప్రకృతివాడు ఎండకును ఆకలికిని తాళలేడు. వానికి చెమట మెండు, కోపము వేగము, తల త్వరగా నెఱయును. కఫప్రకృతివాడు దృఢకాయుడు, నిదానస్థుడు. ఆకలి దప్పులు తక్కువ. మేము ఈ రెండవ తెగవారమే కాబోలు. భోజనము గడియ జాగైనచో మే మెట్లుందుమో మా యింటివారి నడుగవలెను.

ఆహారవిహారములు ప్రకృతికి ఎదురు గుణము కలవిగా నుండవలెనని శాస్త్రమతము. వాతదేహికి వెచ్చని, చమురు గల భోజనము, నువ్వులనూనె అభ్యంగనము, వేడినీళ్ల స్నానము. పిత్తదేహికి పులుపు, ఉప్పు, కారము తగ్గించి నేయి, తీపి, చేదు. కఫదేహికి జొన్నరొట్టె, ఉలవచారు వంటివియు, ఒళ్లువంచి చేయు పనియు. ఋతువులకును లెక్క కలదు: వానకాలమున వాతము ప్రకోపించి ఆకలి మందగించును గనుక అప్పుడు తేలికగను, వేడివేడిగను తినవలెను, శరత్తునందు పిత్తమునకును, వసంతమునందు కఫమునకును బలము హెచ్చు.

అన్ని ప్రకృతులవారికిని సమానమైన నియమములు కొన్ని యున్నవి. కడుపులో సగము అన్నమునకు, పాతిక నీటికి, పాతిక గాలికి విడువవలెనని వాగ్భటుడు చెప్పెను. మలమూత్రాది వేగములను బిగబట్టరాదని చరకుని శాసనము. ఇది మన పొలములలో ప్రతిదినము ఉల్లంఘింపబడుచున్నది. నాట్లకు వచ్చు స్త్రీలు మఱుగు లేక ప్రొద్దంతయు మూత్రము బిగబట్టుదురు; అందుకై నీరు త్రాగుటయే మానుదురు. దీనివలన మూత్రవ్యాధులు కలుగును. నాలుగు కఱ్ఱలు పాతి గోనెపట్టా కట్టించుటకు రైతున కెంత ఖర్చు?

ఇక ముఖ్యవిషయము. ప్రకృతి వేఱు, వికృతి వేఱు. పుట్టుకతో వచ్చినది ప్రకృతి. నడుమ వచ్చిన మార్పు వికృతి, అనగా రోగము. మనవారు మొదటి మాటను పట్టుకొని రెండవదానిని విడిచిరి. మా పెదతండ్రి కుమారుడొకడు మంచి సేద్యగాడు. అతనికి దప్పిక హెచ్చెను, మాటిమాటికి మూత్రము, అరికాళ్ల మంట, ఒళ్లు తగ్గుట. "నాది పిత్తశరీరము, వేడి చేసినది" అని రెండేండ్లు చెఱకురసము, పంచదార కలిపిన సబ్జానీళ్లు త్రాగెను. కాలివ్రేలి పుండు మానకపోగా ఆసుపత్రికి గొనిపోయితిమి. అది మధుమేహము. వ్రేలు తీసివేసిరి. ఆ రెండేండ్లలో పలుమార్లు వారింట భోజనము చేసియు మేము అడుగనైతిమి. చిత్రమేమనగా ఈ వ్యాధిని ప్రమేహములలో నొకటిగా ఆయుర్వేదమే వర్ణించినది. అతడు ఆ శాస్త్రము పేరనే దానిని ఉపేక్షించెను.

పైరునందైన మన రైతు ఈ పొరపాటు చేయడు. కొన్ని వరివంగడములకు ఆకు పుట్టుకతోనే లేతపచ్చన. దానికి మందు వేయబోడు. ముదురుపచ్చని వంగడము పసుపెక్కినచో మాత్రము నత్రజని లోపమో, జింకు లోపమో, తెగులో యని పరుగెత్తి వచ్చును. ఒంటికిని అదే చూపు కావలెను. ఎప్పుడును తక్కువ తినువాడు తక్కువ తినుట ప్రకృతి. బాగుగా తినువాడు తినలేకపోవుట వికృతి. కారణము లేక బరువు తగ్గుట, రెండు వారములు దాటిన దగ్గు, మానని పుండు, ఆగని దప్పిక, ఇవి ఏ ప్రకృతివానికిని స్వభావములు కావు, పరీక్ష చేయింపవలసినవి.

పురుగుమందు చల్లిన దినమున కలుగు వాంతిని, చెమటను, తలత్రిప్పును "వేడి" యని మజ్జిగ పోయుచు కూర్చుండుట మఱింత ప్రమాదము. నోట చొంగ కారుట, చూపు మసకబారుట, కనుపాప సన్నమగుట విషలక్షణములు. బట్టలు విప్పించి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా తత్‌క్షణమే ఆసుపత్రికి చేర్పవలెను.

మందుల మాటయు ఒకటి. ఆకుమందులు గదా, హాని యేమని తలపరాదు. 2004లో ప్రకటింపబడిన పరీక్షయందు, అమెరికాలోని బోస్టను ప్రాంతపు దుకాణములలో కొన్న 70 ఆయుర్వేదపు మందులలో 14 యందు సీసము, పాదరసము, పాషాణములలో ఏదో యొకటి గాని అంతకెక్కువ గాని కనబడెను. సంతలో పొట్లము కట్టి యిచ్చు భస్మములు కొనకుడు. లైసెన్సు సంఖ్య, చేర్చిన ద్రవ్యముల పేళ్లు, తయారైన తేది డబ్బాపై చూచి, చదువుకొన్న వైద్యుని సలహాపై మాత్రమే పుచ్చుకొనుడు. షుగరు, రక్తపుపోటు బిళ్లలు వాడువారు లేహ్యము మొదలిడినంతనే వానిని మానరాదు. ఏ వైద్యుని యొద్దకు పోయినను రెండవ వైద్యుడిచ్చిన చీటిని చూపవలెను.