620 కిలోమీటర్లు, ఒక సీటు: నొప్పి వెనక లెక్కలు

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం సుమారు 620 కిలోమీటర్లు. విజయవాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి, ఆ తర్వాత 16వ నంబరు. ఈ దూరాన్ని బైకు మీద ఒక్క పగట్లో దాటేసేవాళ్లకు కొదవ లేదు. సూర్యాపేట వరకు హాయిగానే సాగుతుంది. కోదాడ దాటాక సీటు మీద కాస్త ముందుకు, కాస్త వెనక్కి జరగడం మొదలవుతుంది. ఏలూరు వచ్చేసరికి ఒకసారి ఈ పిర్ర మీద, ఒకసారి ఆ పిర్ర మీద బరువు వేసి కూర్చుంటారు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి దాటేటప్పుడు నది వైపు తలతిప్పి చూసే ఓపిక కూడా ఉండదు. అలవాటు లేక ఇలా అయిందని సరిపెట్టుకుంటారు గానీ, అలవాటు పాత్ర ఇందులో కొంతే. మిగతాదంతా ఒత్తిడి ఎంత, అది ఎంతసేపు అన్న లెక్క.

70 కిలోల మనిషి బైకెక్కితే బరువులో కొంత ఫుట్‌రెస్టుల మీదికి, కొంత హ్యాండిల్ మీదికి పోతుంది. సీటు మీద పడేది 45 కిలోలనుకుందాం. అది 30 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చోట, అంటే 900 చదరపు సెంటీమీటర్ల మీద సమంగా పరుచుకుంటే ఒక్కో చదరపు సెంటీమీటరుకు 50 గ్రాములు. బీపీ కొలిచే లెక్కలో అది 37 మిల్లీమీటర్ల పాదరసం. అదే 45 కిలోలు 200 చదరపు సెంటీమీటర్ల మీద ఆగితే 225 గ్రాములవుతుంది. అప్పుడు ఒత్తిడి 165 మిల్లీమీటర్లు. ఆరోగ్యంగా ఉన్న మనిషి పై బీపీయే 120 దగ్గర ఉంటుంది. చర్మంలోని సన్నని రక్తనాళాల్లో ఇంకా చాలా తక్కువ. 1930లో యూజీన్ లాండిస్ గోరు మొదట్లోని కేశనాళికల్లో కొలిచి చూస్తే, రక్తం వచ్చే వైపు సుమారు 32 మిల్లీమీటర్లు తేలింది. వేలికి కొలిచిన అంకెను పిర్రలకు గీతగీసినట్టు వర్తింపజేయలేం. అయినా 37కూ 165కూ మధ్య తేడా ఏమిటో ఒళ్లే చెబుతుంది. రక్తం సరిగా ఆడని చోట ముందు తిమ్మిరి, తర్వాత మంట, ఆపైన నొప్పి.

ఆ 200 చదరపు సెంటీమీటర్లు ఎక్కడివంటే, పిర్రల అడుగున ఉండే రెండు ఎముకల చుట్టూరా ఉన్నవే. గట్టి బల్ల మీద కూర్చుంటే గుచ్చుకునేవి అవే. అందుకే మెత్తటి సీటు మంచిదనుకుని చాలామంది మోసపోతారు. షాపులో ఐదు నిమిషాలు కూర్చుని చూస్తే మెత్తటిదే బాగుంటుంది. 100 కిలోమీటర్లు పోయాక ఫోము అణిగిపోయి, పలచటి పరుపు కింద నేల తగిలినట్టు, ఎముకలకు సీటు అడుగు బేస్ తగులుతుంది. కావలసింది కాస్త గట్టిగా, వెడల్పుగా ఉండి తొడల వెనక భాగాన్ని కూడా మోసే సీటు.

పనితనం తెలిసిన కుషన్ మేస్త్రీ చేసేదీ అదే. ముందు మిమ్మల్ని బైకు మీద కూర్చోబెట్టి, ఎముకలు దిగిన చోట సుద్దతో గుర్తు పెడతాడు. రెక్జిన్ అంచున ఉన్న స్టేపుల్ పిన్నులు ఒక్కొక్కటే పీకి, తొడుగు తీసి, ఫోమును హాక్సా బ్లేడుతో పొరలు పొరలుగా కోస్తాడు. మధ్యలో గట్టి ముక్క వేసి, పైన పలచగా మెత్తటిది అతికించి, ముందువైపు వాలు తగ్గిస్తాడు. చాలా బండ్లకు సీటు ట్యాంకు వైపు వాలి ఉంటుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ మనిషి ముందుకు జారడం, మళ్లీ వెనక్కి జరగడం, ఆ రాపిడి రోజంతా సాగుతుంది. మీ ఎముకల మధ్య దూరం తెలుసుకోవాలంటే గట్టి నేల మీద అట్టపెట్టె ముక్క వేసి, మోకాళ్లు కాస్త పైకెత్తి ఓ నిమిషం కూర్చోండి. అట్ట మీద రెండు గుంటలు పడతాయి. వాటి మధ్య చాలామందికి 10 నుంచి 14 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ రెండు గుంటలూ సీటు చదునైన భాగం మీదే పడాలి. అంచుల మీద పడుతుంటే ఎంత ఖరీదైన జెల్ ప్యాడ్ వేసినా డబ్బు దండగే.

ఇక సమయం. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడితే చాలని కొందరంటారు. గుంతల దగ్గర, వంతెనల జాయింట్ల దగ్గర నిలబడాల్సిందే, నడుముకు అది మేలు. రక్తప్రసరణ సంగతి వేరు. వెన్నుపాము దెబ్బతిని వీల్‌చెయిర్‌లో ఉండేవారి మీద జరిపి 2003లో వెలువరించిన ఒక అధ్యయనంలో, ఒత్తిడి తీసేశాక కణజాలంలో ఆక్సిజన్ మునుపటి స్థాయికి రావడానికి సగటున 1 నిమిషం 51 సెకన్లు పట్టింది. నడిచే మనిషికి అదే అంకె వర్తించాలని లేదు గానీ, 10 సెకన్లు లేచి కూర్చోవడానికీ దిగి నడవడానికీ ఎంత తేడా ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది. దిగాలి, నడవాలి.

దీనికి ఎంత సమయం పోతుందో చూద్దాం. సగటున గంటకు 60 చొప్పున 620 కిలోమీటర్లకు 10 గంటల 20 నిమిషాలు. ప్రతి 75 నిమిషాలకు ఒకసారి ఆగితే 8 సార్లు. అందులో భోజనానికి 40 నిమిషాలు, మిగతా ఏడింటికీ పదేసి నిమిషాలు. మొత్తం 1 గంట 50 నిమిషాలు. తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరితే సాయంత్రం 5 గంటల 10 నిమిషాలకు విశాఖలో ఉంటారు. డిసెంబరులో కూడా అప్పటికి చీకటి పడదు. ఆ ఏడు విరామాల 70 నిమిషాలను వేగంతో రాబట్టాలంటే సగటు 60 నుంచి 68కి పెరగాలి. నాలుగు వరసల రహదారి మీద బైకుకు గరిష్ఠ పరిమితి 80 ఉన్నచోట, ఊళ్లూ కూడళ్లూ దాటుకుంటూ ఆ సగటు తేవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు చేత ఏకబిగిన 5 గంటలకు మించి పని చేయించకూడదని, ఆలోపే కనీసం అరగంట విరామం ఇవ్వాలని చెప్పింది. బస్సు డ్రైవరుకు వీపు ఆనించుకోవడానికి సీటుంది, పైన కప్పుంది. బైకు మీద ఆ రెండూ లేవు. మరి మనం మన ఒంటికి ఇంకా తరచుగా విరామం ఇవ్వొద్దా?

గాలి కూడా బరువే. నిటారుగా కూర్చున్న మనిషి ఛాతీని 0.4 చదరపు మీటర్లుగా తీసుకుంటే, గంటకు 60 దగ్గర గాలి వెనక్కి తోసే బలం దాదాపు 7 కిలోలు. 80 దగ్గర 12. 100 దగ్గర 19. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగు రెట్లవుతుంది. ఆ బరువును చేతులతో పట్టుకుని ఆపుతుంటారు కాబట్టే సాయంత్రానికి మెడ, భుజాలు పట్టేస్తాయి. నడుము నుంచి కొద్దిగా ముందుకు వంగితే గాలే కొంత బరువు మోస్తుంది, చేతులు వదులవుతాయి.

అదురు రెండు రకాలు. ఇంజిను 4,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంటే సెకనుకు 67 చుట్లు. 10 గంటలకు 24 లక్షలు. అరచేతుల్లో చీమలు పాకినట్టుండేది దీనివల్లే. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియర్‌కు, 2021లో క్లాసిక్‌కు బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉన్న 349 సీసీ ఇంజిను పెట్టాక ఇది బాగా తగ్గింది. పాత బండి ఉన్నవాళ్లు ఏ వేగం దగ్గర అదురు తక్కువో కనిపెట్టి అక్కడే నడపాలి. గంటకు 5 కిలోమీటర్లు అటూఇటూ అయినా తేడా తెలుస్తుంది. రెండోది రోడ్డు నుంచి వచ్చేది. కూర్చున్న మనిషి నడుము సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే కుదుపుకు అన్నిటికన్నా ఎక్కువగా స్పందిస్తుంది. సిమెంటు రోడ్ల మీద అడ్డగీతలు సాధారణంగా 4.5 మీటర్లకొకటి వస్తాయి. 80 వేగంతో వెళ్తే సెకనుకు 5 గీతలు, సరిగ్గా నడుముకు పడని చోట. 60కి దిగితే 3.7. సిమెంటు రోడ్డు మీద వేగం తగ్గించగానే నడుము తెరిపిన పడడానికి ఇదీ ఒక కారణం.

ఎండాకాలంలో మరో చిక్కు. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే వేడిగా ఉన్నప్పుడు తగిలే ప్రతి గాలీ ఒంటిని కాలుస్తుంది. చల్లబరిచేది చెమట ఒక్కటే. లీటరు చెమట ఆరితే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. అది ఆరాలంటే ముందు ఒంట్లో నీళ్లుండాలి. ఆగిన ప్రతిచోటా 200 మిల్లీలీటర్లు తాగినా రోజుకు 1.6 లీటర్లే, మే నెలలో దానికి రెట్టింపు కావాలి. రెక్జిన్ సీటు పిర్రల కింది చెమటను ఆరనివ్వదు. తడిసిన చర్మం మీద కాటన్ లోదుస్తుల కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. కుట్లు లేని సైక్లింగ్ షార్ట్స్, సీటు మీద గాలి ఆడే జాలీ కవరు చాలా ఆదుకుంటాయి. టాక్సీ డ్రైవర్లు వాడే చెక్క పూసల చాప కూడా ఇందుకే పనికొస్తుంది. మరుగుదొడ్డి దొరకదన్న భయంతో ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు. పెట్రోలు బంకులు ఉచితంగా ఇవ్వాల్సిన సౌకర్యాల్లో మరుగుదొడ్డి, తాగునీరు ఉన్నాయి. తాళం వేసి ఉంటే తీయమని గట్టిగా అడగండి.

తొడల మధ్య తిమ్మిరి దిగాక కాసేపట్లో పోవాలి. మర్నాటికీ స్పర్శ సరిగా తెలియకపోతే సిగ్గుపడకుండా డాక్టరుకు చూపించాలి, నరం నలిగి ఉండొచ్చు.

వెనక కూర్చున్నవాళ్ల లెక్క ఇంకా కష్టం. సీటు సన్నం, వెనక చక్రం పక్కనే కాబట్టి కుదుపు ఎక్కువ. ముందున్నవాళ్లలా పట్టుకోవడానికి హ్యాండిల్ ఉండదు, గుంత వస్తోందని ముందే కనిపించదు. చీరకట్టుతో ఒక పక్కకు కూర్చుంటే నడుము గంటల తరబడి మెలితిరిగే ఉంటుంది. దూరప్రయాణానికి చుడీదారో ప్యాంటో వేసుకుని రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవడమే మేలు. ఇద్దరి బరువుకు తగ్గట్టు వెనక షాక్ అబ్జార్బర్ ప్రీలోడ్ బిగించాలి, టైరు గాలి బండి పుస్తకంలో ఇద్దరికి రాసిన అంకెకు పెట్టాలి. గుంత కనిపించగానే చేత్తో వాళ్ల మోకాలి మీద తట్టి చెప్పాలి. ఎక్కడ ఆగాలో వాళ్లనే నిర్ణయించనివ్వండి, 75 నిమిషాలు నిండకపోయినా సరే.