గంపా, కంపా? : ధర్మపురి కంప్యూటర్లలో తెలుగు అమరిక

ధర్మపురి జిల్లా 1965 అక్టోబరు 2న సేలం జిల్లా నుంచి వేరుపడింది. 2004 ఫిబ్రవరిలో దాని ఉత్తర భాగం కృష్ణగిరి జిల్లాగా ఏర్పడగా, తెలుగువారు ఎక్కువగా నివసించే హోసూరు, డెంకణికోట, వేపనపల్లి ప్రాంతాలు ఆ కొత్త జిల్లాలోకి వెళ్ళాయి. అయినా ధర్మపురి పరిసరాలలో ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. విజయనగర రాజుల, నాయకరాజుల కాలాలలో తమిళ దేశానికి తరలివెళ్ళిన తెలుగువారి మాట ఇటువంటి ఇళ్ళలోనే నిలిచింది. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం తమిళం ఒకటవ తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున తప్పనిసరి అయింది. కనుక ఈ ఇళ్ళలోని పిల్లలు చాలామందికి తెలుగు మాట వచ్చు, తెలుగు రాత రాదు. వారి తెలుగును సేకరించి రాసి పెట్టుకోవడం మన శాఖ వంటి వాటి బాధ్యత.

ఈ పని మీద ఇటీవల మా విద్యార్థులు ధర్మపురి దగ్గరి ఒక ఊరికి వెళ్ళి, వ్యవసాయానికి, వంటకు సంబంధించిన మాటలను సేకరించారు. బస చేసిన ఇంట్లో లినక్సు కంప్యూటరు ఉంది. అందులో తమిళం చక్కగా కనిపిస్తోంది, కొట్టడానికీ వస్తోంది. తెలుగు మాత్రం లేదు. విద్యార్థులకు తమిళ లిపి వచ్చు కాబట్టి విన్న తెలుగు మాటలను తమిళ అక్షరాలలోనే కొట్టి తెచ్చారు. ఇక్కడికి వచ్చాక వాటిని తెలుగులోకి మార్చబోతే చిక్కు మొదలైంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. ట, త, ప వర్గాలలోనూ అంతే. గంప అని రాసినా, కంప అని రాసినా తమిళంలో ఒకే రూపం వస్తుంది. తమిళ ఉచ్చారణ పద్ధతిలో దానిని చదివితే 'కంబ' అవుతుంది, అంటే రెండింటిలో ఏదీ కాదు. బండికీ పండికీ అదే గతి. చివరకు ఆ ఇంటి పెద్దావిడకు ఫోను చేసి, "అవ్వా, మీరు చెప్పింది గంపా, కంపా?" అని అడగవలసి వచ్చింది. "కంప చేతికి గుచ్చుకుంటుంది, గంప నెత్తికెక్కుతుంది. ఇది కూడా తెలీదా నాయనా?" అని ఆమె నవ్వారు. అడగడానికి ఆమె ఉన్నారు కాబట్టి సరిపోయింది. అలా అడగలేని మాటలు కొన్ని మా జాబితాలో ఇంకా అనుమానంగానే ఉన్నాయి.

నిజానికి ఆ కంప్యూటరులో తెలుగును అమర్చడం ఒక గంట పని. లినక్సుకు కావలసిన తెలుగు సామగ్రి అంతా ఉచితంగా దొరుకుతుంది. తమిళనాడులో లినక్సు అరుదైన వస్తువూ కాదు. 2011లో అక్కడి ప్రభుత్వం విద్యార్థులకు ఉచితంగా ల్యాప్‌టాపులు పంచే పథకం మొదలుపెట్టినప్పుడు వాటిలో విండోసుతో పాటు బాస్ లినక్సును కూడా ఉంచారు. బాస్ మన దేశంలో సి-డాక్ సంస్థ తయారుచేసినది. అది డెబియన్ అనే లినక్సు కుటుంబానికి చెందినది. ఉబుంటు కూడా ఆ కుటుంబంలోదే. కింద చెప్పబోయే విషయాలు ముఖ్యంగా ఈ కుటుంబానికి వర్తిస్తాయి.

తెలుగు సరిగా రాకపోతే "కంప్యూటరు పాడైంది" అని అనుకోవడం పొరపాటు. తెలుగు తెర మీదికి రావడానికి నాలుగు అంచెలు ఉన్నాయి. సంకేతం, ఫాంటు, కూర్పు, మీటల అమరిక. తప్పు ఏ అంచెలో ఉన్నదో దాని లక్షణాన్ని బట్టి తెలుసుకోవచ్చు.

మొదటిది సంకేతం. ప్రతి అక్షరాన్నీ కంప్యూటరు ఒక సంఖ్యగా దాచుకుంటుంది. 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణంలోనే తెలుగుకు, తమిళానికి వేర్వేరు చోట్లు కేటాయించారు. పాత ఫైలు తెరిచినప్పుడు తెలుగుకు బదులు అర్థంలేని రోమను అక్షరాల వరుస కనిపిస్తే, అది యూనికోడులో లేదని గ్రహించాలి. రోమను అక్షరాల సంఖ్యలకే తెలుగు బొమ్మలు తొడిగి చేసిన ఫైలు అది. డి.టి.పి. కేంద్రాలలో వాడే అను ఫాంట్ల ఫైళ్ళు ఇటువంటివే. దానికి ఎన్ని తెలుగు ఫాంట్లు ఎక్కించినా ప్రయోజనం లేదు. మార్పిడి సాఫ్టువేరుతో యూనికోడులోకి మార్చి, మూలంతో పోల్చి చదువుకోవాలి. మూలం ఫైలును మాత్రం చెరపకూడదు.

రెండవది ఫాంటు. అక్షరం ఉండవలసిన చోట ఖాళీ గడులు కనిపిస్తే సంకేతం సరిగానే ఉంది, బొమ్మ గీయడానికి ఫాంటు లేదని అర్థం. డెబియన్ కుటుంబంలో 'ఫాంట్స్-తెలు' అనే ప్యాకేజీని ఎక్కిస్తే లోహిత్ తెలుగుతో పాటు తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. గూగుల్ వారి నోటో తెలుగు ఫాంట్లు కూడా ఉచితమే. ఇంటర్నెట్టు లేని ఊరికి వెళ్ళేవారు ఫాంటు ఫైలును పెన్‌డ్రైవులో తీసుకువెళ్ళవచ్చు. దానిపై రెండుసార్లు నొక్కితే తెరుచుకునే కిటికీలో ఎక్కించే మీట ఉంటుంది.

మాండలికాలను సేకరించేవారు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. దంత్య చకార జకారాలైన ౘ, ౙ అక్షరాలు యూనికోడులోకి 2008లో గాని రాలేదు. అంతకు ముందు తయారైన ఫాంట్లలో ఇవి ఉండకపోవచ్చు. మిగిలిన తెలుగంతా బాగుండి ఈ రెండు చోట్ల మాత్రమే గడులు కనిపిస్తే ఫాంటు మార్చి చూడాలి.

మూడవది కూర్పు. 'అమ్మ' అని ఉండవలసిన చోట 'అమ్‌మ' అని పొల్లు విడిగా కనిపించినా, వత్తు కిందికి చేరక పక్కన నిలిచినా లోపం కూర్పులో ఉన్నట్టు. తమిళంలో, క్ష, శ్రీ వంటి ఒకటి రెండు రూపాలు తప్ప, హల్లు మీద చుక్క పెట్టి పక్క హల్లును పక్కనే రాస్తారు. తెలుగులో రెండవ హల్లు వత్తుగా మారాలి. కాబట్టి తమిళం బాగా కనిపించే చోట తెలుగు కూడా బాగుంటుందని అనుకోరాదు. లినక్సులో ఈ కూర్పు పనిని హార్ఫ్‌బజ్ అనే సాఫ్టువేరు చేస్తుంది. ఫైర్‌ఫాక్సు, లిబ్రెఆఫీసు దీనిని వాడుకుంటాయి. కాని ఆదేశాలు కొట్టే టెర్మినలు కిటికీలు చాలావాటిలో తెలుగు కూర్పు సరిగా ఉండదు. అక్కడ వత్తులు విడిపోయి కనిపించినంత మాత్రాన ఫైలు చెడినట్టు కాదు. దానిని అక్కడే సరిదిద్దబోతే ఉన్నది కూడా చెడుతుంది. అదే ఫైలును లిబ్రెఆఫీసులో తెరిచి చూసి అప్పుడు నిర్ణయించుకోవాలి.

లిబ్రెఆఫీసులో మరొక చిక్కు ఉంది. అది పాశ్చాత్య లిపులకు ఒక ఫాంటును, తెలుగు వంటి సంక్లిష్ట లిపులకు ఇంకొక ఫాంటును వేరువేరుగా పెట్టుకుంటుంది. ఇంగ్లీషు భాగానికి పెట్టిన ఫాంటు తెలుగుకు వర్తించదు. అమరికలలోని భాషల పేజీలో సంక్లిష్ట లిపుల గడిని గుర్తించి, భాషగా తెలుగును ఎన్నుకుంటే ఫాంటు కొలతలు, అక్షరదోషాల పరిశీలన దారిలో పడతాయి.

నాలుగవది మీటల అమరిక. తెలుగు చక్కగా కనిపిస్తూ, కొట్టడానికి మాత్రం రాకపోతే లోపం ఇక్కడ ఉంది. అమరికలలో కీబోర్డు పేజీ తెరిచి తెలుగును చేర్చాలి. ఇన్‌స్క్రిప్టుతో పాటు ఆర్.టి.ఎస్., యాపిల్ వంటి పద్ధతులు కావాలంటే ఐబస్, దానికి జతగా ఎం17ఎన్ అనే ప్యాకేజీలు ఎక్కించుకోవాలి. ఎక్కించిన తరువాత ఒకసారి లాగవుటు అయి మళ్ళీ లాగిన్ కావాలి. ఈ చివరి పని మరచిపోయి "ఎక్కించినా పనిచేయడం లేదు" అనుకునేవారు చాలామంది.

ధర్మపురి వంటి చోటికి మేము ఇన్‌స్క్రిప్టునే సూచిస్తాము. భారతీయ లిపులన్నింటికీ అందులో ఒక ధ్వనికి ఒకే చోటు ఉంటుంది. కకారం తెలుగులోనైనా తమిళంలోనైనా రోమను 'కె' మీట మీదే ఉంటుంది. తమిళంలో లేని గకారానికి 'ఐ' మీట, బకారానికి 'వై' మీట. గంపకు, కంపకు తేడా చేతి వేళ్ళకే తెలిసిపోతుంది. వత్తు కావాలంటే రెండు హల్లుల నడుమ 'డి' మీట మీది పొల్లును కొడితే చాలు. ౘ, ౙ లకు మీట దొరకకపోతే కంట్రోలు, షిఫ్టు, యు మీటలను కలిపి నొక్కి వదిలి, సున్న, సి, ఐదు, ఎనిమిది వరుసగా కొట్టి ఎంటరు నొక్కితే సాధారణంగా ౘ వస్తుంది. చివరి ఎనిమిదికి బదులు తొమ్మిది కొడితే ౙ.

అమరిక పూర్తి కాగానే అమ్మ, రాష్ట్రం, శాస్త్రి, గంప, కంప, ౘలి అనే ఆరు మాటలు కొట్టి చూడాలి. గడులు లేకుండా, వత్తులు విడిపోకుండా ఆరూ వస్తే నాలుగు అంచెలూ సరిగా ఉన్నట్టే. ఆ ఫైలును దాచి, మూసి, మళ్ళీ తెరిచి చూడడం కూడా మరవకూడదు.

క్షేత్రానికి వెళ్ళే మా విద్యార్థులకు ఇప్పుడు రెండు నియమాలు పెట్టుకున్నాము. తెలుగు అమరలేదని తేలితే ముందు దానిని అమర్చాలి, ఆ తరువాతే మాటలను అడగాలి. రెండవది, ప్రతి మాటను గొంతుతో సహా రికార్డు చేసుకోవాలి. లిపి చేసిన పొరపాటును చెవి పట్టుకోగలదు. తెలుగు రాత అందని ఇంట్లో ఒక మాట ఇన్ని తరాలు నిలవడమే గొప్ప. అది మన చేతికి వచ్చాక ఒక ఫాంటు లేకనో, ఒక మీట తెలియకనో రూపం పోగొట్టుకోకూడదని మా మనవి.